6 వేల లోపల రికార్డు ప్లేయర్ కార్ట్రిడ్జి: ఎల్పీ చివరి పాటలో ‘శ్రీ’ చీలిపోతోంది, ఏం కొనమంటారు?

వీణ టీచరు, కొర్లగుంట (తిరుపతి)

అందరికీ నమస్కారం. కొర్లగుంటలో ఇంటి దగ్గరే పిల్లలకు గాత్రం, వీణ నేర్పిస్తుంటాను. మిషన్ల సంగతి నాకు పెద్దగా తెలియదు. చెవికి తెలిసింది తెలిసినట్టు రాస్తాను, లోపం ఎక్కడుందో మీరు చెప్పాలి.

నాయన పోయి రెండేళ్ళవుతోంది. దేవస్థానంలో చిన్న ఉద్యోగం చేసేవాడు. పని మీద మద్రాసు పోయినప్పుడల్లా చంకలో ఒక ఎల్పీ (నిమిషానికి 33 చుట్లు తిరిగే పెద్ద రికార్డు) పెట్టుకుని రైలు దిగేవాడు. ఆయన ట్రంకు పెట్టె నా వంతుకు వచ్చింది. అందులో 117 ఎల్పీలు, అడుగున పాత పంచెలో చుట్టిన 78 వేగం రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపువి) 11 ఉన్నాయి. జాస్తి భాగం కచేరీలు, అన్నమయ్య సంకీర్తనలు, మూడు హరికథలు. ప్రతి అట్ట వెనకా కొన్న తేదీ, కొన్న ఊరు పెన్సిల్‌తో రాసుకున్నాడు.

పోయిన సంక్రాంతికి చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో ఒక బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొన్నాను. సూది చెయ్యికి వెనక బరువు తిప్పుకునే రకం, ముందు కార్ట్రిడ్జిని బిగించే హెడ్‌షెల్ ఊడి వస్తుంది, 33, 45, 78 మూడు వేగాలూ ఉన్నాయి. దానికి ఆడియో టెక్నికా ఏటీ3600ఎల్ కార్ట్రిడ్జి (సూదిని పట్టుకుని, దాని కదలికను కరెంటుగా మార్చే చిన్న ముక్క) తగిలించి ఇచ్చారు. సూది కొత్తదే వేశామని షాపులో సీలు విప్పి చూపించారు. కార్ట్రిడ్జి నుంచి వచ్చే సన్నటి సిగ్నలును పెంచే ఫోనో ప్రీఆంప్ లోపలే ఉంది, అక్కడి నుంచి రెండు మామూలు స్పీకర్లకు పోతుంది.

ఇక నా బాధ. రికార్డు మొదట్లో అంతా బాగుంటుంది. వీణ మీటు, మృదంగం తొప్పి మీద గుంభనంగా పడే దెబ్బ, తంబుర శ్రుతి అన్నీ హాయిగా వినబడతాయి. సూది లోపలికి పోయే కొద్దీ, అంటే మూడో పాట దాటాక, ‘స’, ‘శ’, ‘ష’, ‘చ’ అక్షరాలు చీలడం మొదలవుతుంది. చివరి పాట పల్లవి ‘శ్రీ’తో మొదలైతే ఆ ‘శ్రీ’ తడి బట్ట చింపినట్టు వస్తుంది. స్వరం చెడదు, గమకం చెడదు, అక్షరం మాత్రం చినిగిపోతుంది. మగ గొంతుల్లో తక్కువ, ఆడ గొంతుల్లో జాస్తి. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఉచ్చారణ వినిపించడానికే ఈ రికార్డులు పెడతాను కాబట్టి నాకు ఇది చిన్న సంగతి కాదు. ఒకమ్మాయి ఆ చీలిన ‘స’ను అట్లాగే పట్టేసి పాడింది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

కార్ట్రిడ్జి మారిస్తే తగ్గుతుందని ఒకరిద్దరు చెప్పారు. నా దగ్గర ఉన్నది 6 వేలు. పాప హాస్టలు ఫీజు కట్టగా మిగిలిన డబ్బు అది, అంతకు మించి ఒక్క రూపాయి పెట్టలేను. ఏటీ-వీఎం95సీ, వీఎం95ఈ, ఆర్టోఫాన్ 2ఎం రెడ్, ఓఎం5ఈ అని నాలుగు పేర్లు చెవిన పడ్డాయి. ఏది కొంటే ఆ ‘శ్రీ’ నిలబడుతుంది? నాయన 78లు కూడా అదే సూదితో పెట్టుకోవచ్చా?

ఇంకొక్కటి. నా శ్రుతి పెట్టెతో కలిపి చూస్తే ప్రతి రికార్డూ రవ్వంత పైకి పలుకుతోంది. అది కూడా కార్ట్రిడ్జి వల్లేనా?

మదనపల్లె వాడు (ఇప్పుడు బెంగళూరు)

మేడం, 2ఎం రెడ్ తీసుకోండి. నాలుగేళ్ళుగా వాడుతున్నాను. అవుట్‌పుట్ 5.5 మిల్లీవోల్టులు, అంటే ప్రీఆంప్ అంత మంచిది కాకపోయినా శబ్దం నిండుగా వస్తుంది. సూది బరువు 1.8 గ్రాములు, మీ రికార్డుల మీద భారం తగ్గుతుంది. రేపు డబ్బు కూడితే అదే బాడీకి దాని పై రకం బ్లూ సూది గుచ్చుకోవచ్చు. మీ లెక్కకు కొంచెం పైకి పోతుంది, కానీ ఒక నెల ఆగి కొన్నా పరవాలేదు.

అంత వద్దనుకుంటే వీఎం95ఈ. 3600ఎల్ నుంచి దాని మీదికి పోతే ఎవరి చెవికైనా తేడా తెలుస్తుంది.

వీణ టీచరు, కొర్లగుంట

థాంక్సండీ. నెల ఆగినా నాకు అంత కూడదు. ఉన్న 6 వేలతోనే దారి చెప్పండి.

మైక్‌సెట్ వాళ్ళబ్బాయి, గ్రీమ్స్‌పేట (చిత్తూరు)

అమ్మా, ఇంకా ఏమీ కొనబాకండి. ముందు నాకు ఒక మాట చెప్పండి. సూది మీద బరువు ఎన్ని గ్రాములు పెట్టినారు?

ఎందుకు అడగతా ఉన్నానంటే, మా నాయన చిత్తూరులో ముప్పై ఏళ్ళు మైక్ సెట్ నడిపినాడు. పెండ్లిళ్ళు, గంగజాతర, హరికథలు, ఏదైనా సరే మా రికార్డు ప్లేయరే పొయ్యేది. పదేళ్ళ వయసులో నా పని ఏందంటే రికార్డు ప్లేట్లు తుడిచి ఇయ్యడం, పిన్ను అరిగిందా లేదా అని వేలి కొసతో కాదు, భూతద్దంతో చూసి చెప్పడం. ఇప్పుడు నేను పాత ఆంప్లిఫయర్లు, ప్లేయర్లు బాగు చేస్తా. నా దగ్గరికి ‘స’ చీలతా ఉందని వచ్చిన మిషన్లలో సగానికి పైన కార్ట్రిడ్జి తప్పు కాదు. బరువు తప్పు, లేకుంటే కార్ట్రిడ్జి కూర్చున్న తీరు తప్పు.

3600ఎల్‌కి కంపెనీ చెప్పిన బరువు 3 నుంచి 4 గ్రాములు, మధ్యలో 3.5 పెట్టుకోమని. చివర ఉండే ‘ఎల్’ని చిన్నచూపు చూడబాకండి, ఎల్ లేని 3600 దీనికంటే తేలిక బరువుతో నడిచేది. మన వాళ్ళల్లో ఒక నమ్మకం ఉండాది: బరువు ఎంత తగ్గిస్తే రికార్డు అంత భద్రమని. అది తప్పమ్మా. బరువు చాలకపోతే గట్టి అక్షరం వచ్చినప్పుడు సూది గాడి గోడను వదిలి ఎగురుతుంది, మళ్ళా పడేటప్పుడు గోడకు కొట్టుకుంటుంది. ఆ కొట్టుకునే శబ్దమే మీకు బట్ట చింపినట్టు వినపడేది. కొట్టుకున్న ప్రతిసారీ గాడి కొంచెం చెక్కుకుపోతుంది. సరైన 3.5 గ్రాముల కంటే చాలని 2 గ్రాములే రికార్డుకు జాస్తి చెడుపు.

వెనక బరువు మీద ఉండే అంకెను నమ్మబాకండి. ముందు చెయ్యి గాల్లో సమంగా తేలేటట్టు తిప్పి, అప్పుడు అంకెను సున్నాకు తెచ్చుకోని, అక్కడి నుంచి లెక్క పెట్టాల. షాపుల్లో చానా మంది ఆ మొదటి పని చెయ్యకుండా అంకె మాత్రం తిప్పేస్తారు. తూకంతో చూడండి. మీ పక్కన బంగారు పని చేసే ఆచారి గారు ఎవరైనా ఉంటే మిల్లీగ్రాముల తూకం ఉంటుంది, అది చాలు.

ఆ తూకంతో రెండు జాగ్రత్తలు. ఒకటి, కార్ట్రిడ్జి లోపల అయస్కాంతం ఉండాది. తూకం పళ్ళెం ఇనుముదైతే అది పళ్ళేన్ని లాగి తప్పు లెక్క చూపిస్తుంది. సూదిని పళ్ళెం పైన తగలకుండా ఆపి చూడండి. అంకె సున్నా నుంచి కదిలితే అయస్కాంతం లాగతా ఉన్నట్టు. అప్పుడు పళ్ళెం మీద ఒక ప్లాస్టిక్ మూత బోర్లించి, మళ్ళా సున్నా చేసుకోని, దాని మీద సూది దించండి. రెండోది, సూది తూగేటప్పుడు రికార్డు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో ఉండాల. బెల్ట్ డ్రైవ్‌లో రికార్డు తిరిగే పళ్ళెం ఊడి వస్తుంది కదా, దాన్ని తీసేసి ఆ గుంటలో తూకం పెడితే సుమారుగా సరిపోతుంది.

ఇది చూసి రాయండి. ఆ తరువాత కొనే సంగతి మాట్లాడుకుందాం.

వీణ టీచరు, కొర్లగుంట

అన్నా, మీరు చెప్పింది చదివి రాత్రంతా అదే ఆలోచన. పొద్దున్నే మా వీధి చివర ఉండే ఆచారి గారిని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. చిన్న తూకం జేబులో పెట్టుకుని వచ్చారు. మీరన్నట్టే సూదిని పళ్ళెం పైన ఆపగానే, తగలకుండానే అంకె మైనస్‌లోకి పోయింది. మాత్రల సీసా మూత బోర్లించి, సున్నా చేసి, సూది దించాం. 1.87 గ్రాములు చూపించింది.

తప్పు నాదే. షాపులో ఎంత పెట్టారో నాకు తెలియదు కానీ, ఇంటికి తెచ్చాక నాయన రికార్డులకు భారం కాకూడదని నేనే బరువు వెనక్కి తిప్పాను. మూడు నెలలుగా అట్లాగే వేస్తున్నాను. ఎన్ని రికార్డులు అట్లా గాయపడ్డాయో తలుచుకుంటే గుండె బరువెక్కుతోంది.

ఆచారి గారే నెమ్మదిగా తిప్పి 3.5 దగ్గర ఆపారు. మధ్యాహ్నం అదే ఎల్పీ, అదే చివరి పాట పెట్టాను. చీలిక సగానికి పైన తగ్గింది. బట్ట చినిగే శబ్దం పోయింది. కానీ ‘శ్రీ’లో శకారం చుట్టూ ఇంకా ఇసుక రాలినట్టు ఉంది. మొదటి పాటలో ఆ ఇసుక లేదు. ఇక ఇప్పుడు కార్ట్రిడ్జి సంగతి చెప్పండి.

ఫిజిక్స్ లెక్చరర్, ఎం.ఆర్.పల్లి (తిరుపతి)

టీచర్ గారూ, మిగిలిన ఆ ఇసుక సూది మొన ఆకారం వల్ల వస్తున్నది. ఇక్కడ మాత్రం కొత్త కార్ట్రిడ్జి పనికొస్తుంది. ఎందుకో ఒక్క లెక్కతో చెబుతాను, ఏది కొనాలో దానిలోంచే తేలుతుంది.

రికార్డు బయటి అంచున ఒక చుట్టుకు గాడి పొడుగు ఎక్కువ, లోపల తక్కువ. కానీ రెండు చోట్లా చుట్టుకు పట్టే సమయం ఒకటే. కేంద్రం నుంచి 14.6 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మొదటి చుట్టులో గాడి సూది కింద సెకనుకు 51 సెంటీమీటర్లు పరిగెత్తుతుంది. 6 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చివరి చుట్టులో 21 సెంటీమీటర్లే. ‘శ’లో వినబడే ఆ సన్నటి గాలి 8 వేల హెర్ట్‌జ్ దగ్గర ఉందనుకోండి. బయటి అంచున ఆ ఒక్కో అల గాడిలో 64 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడుగున చెక్కి ఉంటుంది. లోపల అదే అల 26 మైక్రాన్లకు నలిగిపోతుంది. మీ 3600ఎల్ మొన గుండ్రటి గోళం, దాని వ్యాసార్ధం సుమారు 15 మైక్రాన్లు, అంటే అడ్డంగా 30. ముప్పై మైక్రాన్ల గోళం ఇరవై ఆరు మైక్రాన్ల ఒంపులోకి దిగలేదు, పైపైన దొర్లుకుంటూ పోతుంది. మీకు మొదటి పాట శుభ్రంగా, చివరిది ఇసుకగా వినబడటానికి కారణం అదే. గాత్రంలోనే పట్టుబడటానికి కారణం కూడా అదే, వీణ నాదంలో ఆ ఎత్తున అంత బలం ఉండదు.

వీఎం95ఈలో ‘ఈ’ అంటే దీర్ఘవృత్తపు మొన. గాడి గోడకు తగిలే పక్క వ్యాసార్ధం సుమారు 8 మైక్రాన్లు, సగం అన్నమాట. ఆ ఒంపులోకి దిగుతుంది. వీఎం95సీ మొన మళ్ళీ మీ 3600ఎల్ లాగా గుండ్రనిదే. బాడీ మంచిదే, 2 గ్రాములతోనే నడుస్తుంది, కానీ మీ ఫిర్యాదు చివరి పాట గురించి కాబట్టి సీ కొనడం డబ్బు దండగ. ఓఎం5ఈ కూడా దీర్ఘవృత్తమే, మంచి కార్ట్రిడ్జి, 1.75 గ్రాములతో నడుస్తుంది. అయినా మీకు నేను వీఎం95ఈనే చెబుతాను. దానికి కారణం మీ పంచెలో ఉన్న ఆ 11 రికార్డులు.

78ల గాడి ఎల్పీ గాడి కంటే చాలా వెడల్పు. ఎల్పీ సూది దాని అడుగున దొర్లుతుంది, గోడలకు ఆనదు, అడుగున పేరుకున్న దుమ్మును చదువుతుంది. దయచేసి ఆ పని చేయకండి. వీఎం95 వరుసలో బాడీ అన్నిటికీ ఒకటే, సూది ఒక్కటి లాగి ఇంకొకటి గుచ్చవచ్చు. అందులో వీఎం95ఎస్పీ అని 78ల కోసమే చేసిన సూది ఉంది, మొన 3 మిల్ (సుమారు 76 మైక్రాన్ల వ్యాసార్ధం) గోళం, బరువు 5 గ్రాములు. అంటే ఇప్పుడు ఈ కొంటే, రేపు ఎస్పీ సూది ఒక్కటే కొనుక్కుని అదే బాడీకి తగిలించవచ్చు. మీ టోన్ ఆర్మ్ (సూది చెయ్యి) వెనక బరువు 5 గ్రాముల దాకా పోతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి, కొన్ని 4 దగ్గర ఆగిపోతాయి.

సూది ఆయుష్షు గురించి కూడా చెప్పాలి, తక్కువ డబ్బు వాళ్ళకు ఇదే అసలు లెక్క. ఆడియో టెక్నికా వాళ్ళు గుండ్రటి మొనకు 500 గంటలు, దీర్ఘవృత్తానికి 300, ఇంకా సన్నగా చెక్కిన మైక్రోలీనియర్ (ఎంఎల్) మొనకు 1000 అని చెబుతారు. ఒక ఎల్పీ రెండు వైపులా 40 నిమిషాలనుకుంటే 300 గంటల్లో 450 ఎల్పీలు. మీరు రోజుకొకటి వేస్తే ఏడాది పైన దాదాపు మూడు నెలలు. ఒక నోటు పుస్తకంలో వేసిన రికార్డుకొక గీత గీసుకోండి. 450 గీతలయ్యాక సూది మార్చాల్సిన రోజు వస్తుంది. ఆ రోజుకు డబ్బు చేరితే వీఎం95ఎంఎల్ సూది తీసుకోండి. అది ఈ కంటే బాగా ఖరీదు, కానీ మూడింతలకు పైగా మన్నుతుంది, చివరి చుట్లను ఇంకా శుభ్రంగా చదువుతుంది.

శ్రుతి పైకి పలకడం కార్ట్రిడ్జి వల్ల కాదు, వేగం వల్ల. మీ శ్రుతి పెట్టెను దీనికి సాక్ష్యంగా తీసుకోలేం, రికార్డింగు నాడు వాళ్ళు తంబుర ఎక్కడ కలుపుకున్నారో మనకు తెలియదు కదా. దీనికి ఇంకో దారి ఉంది. రికార్డు అంచున చిన్న కాగితం ముక్క అంటించి, సూది దించి, చుట్లు లెక్కపెట్టండి. నిమిషానికి 33⅓ చుట్లు కాబట్టి 100 చుట్లకు సరిగ్గా 180 సెకన్లు పట్టాలి. తాళం వేసే చేతికి ఇది కష్టం కాదు.

మైక్‌సెట్ వాళ్ళబ్బాయి, గ్రీమ్స్‌పేట

లెక్చరర్ సారు చెప్పిన దానికి నేను ఎదురు చెప్పను, వీఎం95ఈ సరైనదే. బిగించేటప్పుడు ఏం చెయ్యాలో నేను చెప్తా, అమ్మ గారు ఎవరి దగ్గరికీ పోకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు.

ముందు సూదికి ప్లాస్టిక్ తొడుగు వేసేయండి, పనంతా అయ్యేదాకా తియ్యబాకండి. వెనక నాలుగు సన్న తీగలుంటాయి. ఎరుపు కుడి, ఆకుపచ్చ దాని గ్రౌండు. తెలుపు ఎడమ, నీలం దాని గ్రౌండు. తీగ పట్టి లాగితే తెగతాది. చివర ఉన్న ఇత్తడి గొట్టాన్ని సన్న పట్టకారుతో పట్టుకోని వెనక్కి జరపండి. కొత్త దాంట్లో మరలు బాడీ లోపలే ఉన్నాయి, కాబట్టి ఆ చీమ తలంత నట్లతో తిప్పలు లేవు. స్క్రూలు రెండూ వదులుగానే ఉంచండి, బిగించబాకండి.

ఇప్పుడు ముఖ్యమైనది. ఇంటర్నెట్‌లో కార్ట్రిడ్జి కోణం సరిచూసే ప్రొట్రాక్టర్ కాగితం దొరుకుతుంది, బేర్‌వాల్డ్ అని ఉండేది తీసుకోండి. దాని మీద కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 120.9 దగ్గర ఒకటి, రెండు గళ్ళు ఉంటాయి. రెండు చోట్లా సూది ఆ చుక్క మీద దిగాల, కార్ట్రిడ్జి పక్కలు గీతలకు సమంగా ఉండాల. ఒక చోట సరిపోయి ఇంకొక చోట వంకరగా ఉంటే కార్ట్రిడ్జిని గోరంత ముందుకో వెనక్కో జరిపి మళ్ళా చూడాల. మొదటిసారి నాకు గంటన్నర పట్టింది. ఓపిక పట్టండి, చివరి పాట శుభ్రంగా రావడానికి మంచి సూది ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. జిరాక్సు షాపులో ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపోయేలా కుదించే ఆప్షను ఆపమని గట్టిగా చెప్పండి. ఇంటికొచ్చి కాగితం మీదున్న 100 మిల్లీమీటర్ల గీతను స్కేలుతో కొలవండి. 97 వస్తే ఆ కాగితం చించేయండి.

బరువు 2 గ్రాములు, యాంటీ స్కేటింగు (చెయ్యి లోపలికి లాక్కుపోకుండా ఆపే ఏర్పాటు) కూడా 2 దగ్గర. కొత్త కార్ట్రిడ్జి బరువు వేరు కాబట్టి, చెయ్యిని మళ్ళా తేలించి సున్నా నుంచి మొదలు పెట్టాల.

సూది దించే ముందు రికార్డులు కడగండి. మన బోరు నీళ్ళతో కడిగితే గాడిలో ఉప్పు తేలుతుంది. డిస్టిల్డ్ వాటర్ అని రాసిన క్యాను తెచ్చుకోని, కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మెత్తటి గుడ్డతో గాడి పోయే దిక్కునే తుడవండి. 78లకు మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా తగలనీయబాకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో కరిగిపోతాయి. మా నాయన ప్లేట్లు రెండు అట్లా నా చేతులతోనే పాడు చేసినాను, ఆ మచ్చలు ఇప్పటికీ ఉండాయి.

వీణ టీచరు, కొర్లగుంట

పద్దెనిమిది రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. చెప్పినవన్నీ ఒక్కొక్కటే చేసి, విని, అప్పుడు రాద్దామని ఆగాను.

వీఎం95ఈ 6 వేల లోపలే వచ్చింది. మిగిలిన దాంతో చిన్న తూకం కొన్నాను, ఆచారి గారిని మాటిమాటికీ ఇబ్బంది పెట్టకుండా. ప్రొట్రాక్టర్ కాగితం యూనివర్సిటీ దగ్గర జిరాక్సు షాపులో తీయించాను. అన్న చెప్పినట్టే మొదటిది 96 మిల్లీమీటర్లే వచ్చింది. చించేసి మళ్ళీ తీయించాను.

బిగించిన రోజు ఆదివారం. పొద్దున పదికి కూర్చుంటే పన్నెండున్నర అయింది. ఆకుపచ్చ తీగ గొట్టం వదులుగా ఉండి రెండుసార్లు జారింది, పట్టకారుతో రవ్వంత నొక్కి పెట్టాక నిలబడింది. రెండో గడి దగ్గర కార్ట్రిడ్జి కొంచెం ఎడమకు తిరిగి ఉందని మా పాప చూసి చెప్పింది. వీడియో కాల్‌లో హాస్టలు నుంచి చూస్తూ ఉండింది. తనకు కళ్ళు బాగా ఆనుతాయి.

వేగం సంగతి. 100 చుట్లు లెక్కపెడితే 177 సెకన్లు వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ అంతే. ఒకటిన్నర శాతం పైన ఎక్కువ తిరుగుతోంది. మోటారు కింద చిన్న రంధ్రం, లోపల స్క్రూ ఉన్నాయి. కళ్ళద్దాలు బిగించే సన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పుతూ 180కి తెచ్చాను. నా చెవి తప్పు వినలేదని తెలిశాక మనసు కుదుటపడింది.

ఇక ‘శ్రీ’. మొదట కపిలతీర్థం వీధిలో ఉండే మా గురువుగారు నాకిచ్చిన ఎల్పీ పెట్టాను. ఎక్కువ వేయనిది, నాయన పెట్టెలోది కాదు. చివరి పాట, ఆఖరి చరణం దాకా, శకారం శకారంలాగే ఉంది. నాలుక దవడకు ఆనీ ఆననట్టు పలికి వదిలే గాలి కూడా వినబడింది. పిల్లలు ఆరుగురూ కూర్చుని విన్నారు. ముందు ఆ చీలిన ‘స’ పట్టుకున్న అమ్మాయి రెండోసారి పెట్టమంది. పెట్టాను. ఈసారి సరిగ్గా పలికింది.

తరువాత నాయన రికార్డులు. చాలా వాటిలో చివరి పాటలు శుభ్రంగా వస్తున్నాయి. నేను మూడు నెలలు తక్కువ బరువుతో వేసిన వాటిలో నాలుగింటికి అక్కడక్కడా సన్నటి గరగర మిగిలింది, అది నా చేతి వల్లే. ఒక్క ఎల్పీ మాత్రం పూర్తిగా అట్లాగే ఉంది. నాయన రోజూ తెల్లవారుజామున పెట్టేది, అట్ట మూలలు నలిగి గుడ్డలా అయిపోయాయి. మొదటి వైపు చివరి పాట కొత్త సూదితో కూడా చీలుతోంది, ఇంకా స్పష్టంగా చీలుతోంది. రెండో వైపు నిన్న కొన్నట్టు మెరుస్తోంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఉండిన పాత పెట్టె ప్లేయరు సూది లావుగా, బరువుగా ఉండేది. ఆయన ఆ ఒక్క పాటనే మళ్ళీ మళ్ళీ పెట్టేవాడని అమ్మ చెప్పింది. గాడి అరిగిపోయాక ఏ సూదీ తిరిగి తేలేదని నాకు అర్థమయింది. రెండో వైపు ఆయన ఎందుకు వినలేదో అడుగుదామంటే మనిషి లేడు.

లెక్చరర్ గారూ, గీతల పుస్తకం మొదలుపెట్టాను, 23 అయ్యాయి. వెనక బరువు 4 దగ్గరే ఆగిపోతోంది. ఎస్పీ సూదికి 5 కావాలన్నారు కదా, దానికి ఏం చెయ్యాలో తెలిసిన వాళ్ళు చెప్పండి. అంతదాకా 78లు పంచెలోనే ఉంటాయి.

మైక్‌సెట్ వాళ్ళబ్బాయి, గ్రీమ్స్‌పేట

అమ్మా, దానికి దారుంది. హెడ్‌షెల్ పైన, సూదికి నేరుగా పైనుండే చోట, చిన్న ఇత్తడి బిళ్ళ ఒకటి, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికిస్తే ఆ తక్కువైన గ్రాము వస్తుంది. ఎంత వచ్చిందో అంకెతో కాదు, మీ తూకంతో చూసుకోండి. ఇనప బిళ్ళ వద్దు, అయస్కాంతం ఉందని చెప్పినా కదా. ఎల్పీలకు మారేటప్పుడు బిళ్ళ తీసేసి మళ్ళా 2కు తెచ్చుకోవాల, మరిచిపోబాకండి. మీ ఆచారి గారినే అడగండి, అట్లాంటి బిళ్ళ ఆయన దగ్గర ఉంటుంది. దొరక్కపోతే రాయండి, నా దగ్గరుండేది చిత్తూరు నుంచి వచ్చే వాళ్ళతో పంపిస్తా.